తెలుసులే

'తెలుసు' మూడక్షరాల మాట. నిటారుగా నిలబడే మాట. దాని కొసకు ఒక్క 'లే' తగిలించి చూడండి. వెన్ను వంగిపోతుంది, రెప్ప సగం వాలుతుంది, చెయ్యి గాలిలో ఒకసారి విసురుకుని మొహం పక్కకు తిరుగుతుంది. తెలుసులే. పొయ్యి మీద పాలున్నాయే అంటే తెలుసులే అన్న పిల్ల వల్ల పోయేది శేరు పాలు. కుంటలో లోతుందిరా అంటే తెలుసులే అన్న పిలగాని వల్ల ఒక ఇంట్లో దీపం పోతుంది. ఆ 'లే' బరువెంతో ఏ నిఘంటువూ తూచి చెప్పలేదు. 2022 ఆగస్టు ఆఖరి వారంలో, మా వైపు, దాని బరువు నాలుగు పాడెలు.

మా వైపు అంటే మంచాల. ఇబ్రహీంపట్నం దాటి ఆటోలో అరగంట లోపలికొస్తే గుట్టల ఒడిలో కూర్చున్న ఊరు. తూర్పున రాచకొండ గుట్టలు, నీళ్లకు దిగుతూ దిగుతూ ఎవరి శాపమో తగిలి రాళ్లయిపోయిన ఏనుగుల మందలాగా. శ్రావణం ముగిసే వేళకు ఆ రాళ్ల సందుల్లో సీతాఫలం చెట్లు కాయ కట్టి, కన్ను విప్పడానికి ఇంకొన్నాళ్లు గడువడుగుతుంటాయి. పత్తి చేన్లలో గూడ నిలబడుతుంది. మక్కకంకులు పాలు పోసుకుంటాయి. కుంటలు కట్టల దాకా ఉబ్బి, గాలి తగిలితే ఒళ్లు జలదరించినట్టు వణుకుతాయి. నేలంతా కడుపుతో ఉన్నట్టుండే కాలం అది. ఆ కాలంలోనే, మాకిక కడుపు చాలు అనుకున్న 34 మంది ఆడవాళ్లు 25వ తారీఖు, గురువారం నాడు, ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో పెట్టిన క్యాంపుకు పోయారు.

పిల్లల ఆపరేషన్ అంటాం మేము. కాగితం మీద అది కుటుంబ నియంత్రణ. దవాఖాన వాళ్ల నోట డీపీఎల్. పేరేదైనా ప్రయాణం ఒకటే. చంటిదాన్ని అత్తకో ఆడబిడ్డకో అప్పజెప్పి, పెద్దవాడికి బువ్వ గిన్నెలో పెట్టి మూతపెట్టి, మళ్లీ మాపటికి వస్తగా అని చెప్పి చెప్పులేసుకునే ప్రయాణం. అట్లా పోయినవాళ్లలో నలుగురు బతకలేదు. ఆ నలుగురిలో ఒకామె మంచాల మండలం బిడ్డ. పేర్లు అప్పుడు పేపర్లలో వచ్చాయి. నేను రాయను. వాళ్ల పిల్లలు ఇప్పుడు అక్షరాలు కూడబలుక్కునే వయసులో ఉంటారు. అమ్మ పేరు వాళ్లు మొదటిసారి చదువుకునే చోటు ఇట్లాంటిది కాకూడదు.

ఆ ఆపరేషన్ ఎట్లాంటిదో ఒకసారి దగ్గరగా చూడాలి. అదెంత అందమైన విద్యో తెలియకపోతే ఈ ఏడుపు సగమే అవుతుంది. బొడ్డు దగ్గర చిన్న గాటు. అందులోంచి గాలి పంపి పొట్టను పెళ్లిపందిరిలా పైకి లేపుతారు. ఆ పందిట్లోకి సన్నని గొట్టం దిగుతుంది. గొట్టం కొసన వెలుగు. సృష్టి మొదలైనప్పటి నుంచీ మనిషి చూపు సోకని ఆ గదిలో, మనమంతా తలకిందులుగా తొమ్మిది నెలలు కాపురమున్న ఆ ఎర్రని చీకటింట్లో, దీపం పెట్టి చూస్తారు. రెండో గాటులోంచి ఇంకో కడ్డీ దిగుతుంది. అది గర్భసంచికి అటూ ఇటూ చేతులు చాచినట్టుండే నాళాలను ఒక్కొక్కటే మెల్లగా పట్టి, మడిచి, గోరంత రబ్బరు ఉంగరం తొడుగుతుంది. ఉంగరం తొడిగితే కాపురం మొదలయ్యే లోకంలో, కాన్పులకు స్వస్తి చెప్పే ఉంగరం ఇది. చెయ్యి తిరిగిన డాక్టరుకు నిమిషాల మీద పని. తల్లి కడుపు దాకా దీపం మోసుకుపోయిన చదువుకు చేతులెత్తి మొక్కకుండా ఎట్లా ఉంటాం?

మొక్కాలి. మొక్కి, ఆ దీపాన్ని ఎక్కడ కడిగారని అడగాలి.

ఆ గొట్టాల్లో చాలావాటి అద్దాలు ఆటోక్లేవు ఆవిరికి తట్టుకోవు. అందుకని గ్లుటరాల్డిహైడ్ అనే మందునీళ్లలో నానబెడతారు. రెండు శాతం మందు. 20 నిమిషాలు పూర్తిగా మునిగి ఉండాలి. తీశాక క్రిమిలేని నీళ్లతో కడగాలి. ఒక బృందం రోజుకు 30 ఆపరేషన్లకు మించి చెయ్యరాదనీ, ఆ 30కి మూడు గొట్టాలుండాలనీ, ఒక్కోదానితో పదే చెయ్యాలనీ కేంద్ర ప్రభుత్వమే నియమాలు రాసుకున్నది. ఎంత ఓపికగా కూర్చుని రాశారో అనిపిస్తుంది చదువుతుంటే. మా అమ్మ బియ్యం ఏరినట్టు రాశారు. 20 నిమిషాలంటే ఎంత? ఎసరు పెట్టిన బియ్యం ఉడికి, గంజి వార్చి, అన్నం మగ్గేటంత. అంతసేపు ఒక మనిషి గిన్నె పక్కన నిలబడి, తొందరపెట్టేవాళ్లందరికీ 'ఇంకా కాలేదు' అని చెప్పాలి. ఆ నిలబడ్డ మనిషి ఏ రిజిస్టరులోనూ కనబడదు. రిజిస్టరులో గడి ఉన్నది ఆపరేషన్లకే. నానబెట్టిన నిమిషాలకు గడి లేదు.

నాకు ఎప్పుడూ ఒక అనుమానం. మన దేశంలో చదువును లెక్క మింగేస్తుందేమోనని. క్యాంపు అన్న మాట వినగానే కుర్చీలు, షామియానా, జాబితా, టార్గెట్టు. మనుషులు వరస అవుతారు. వరస నంబరవుతుంది. నంబరు సాయంత్రానికి మెసేజి అయి పైవాళ్ల ఫోన్లోకి ఎగిరిపోతుంది. ఇంటికి తిరిగొచ్చిన కడుపులో ఏముందో ఆ మెసేజికి తెలియదు.

27వ తారీఖు అమావాస్య. పొలాల అమావాస్య, పిల్లలు చల్లగా ఉండాలని కోస్తా తల్లులు కందమొక్కకు పసుపు దారం కట్టి మొక్కుకునే రోజు. ఆ చంద్రుడు లేని రాత్రుల చుట్టుపక్కలే ఈ ఇళ్లలో కడుపునొప్పులు మొదలయ్యాయి, వాంతులు మొదలయ్యాయి. కొత్త కుట్లు గదా, నొప్పి ఉంటదిలే అనుకుని ఉంటారు. అక్కడ కూడా ఒక 'లే'. ఆగస్టు 30 నాటికి నలుగురు వెళ్లిపోయారు. మిగిలిన 30 మందిని హైదరాబాదులో నిమ్స్‌కూ అపోలోకూ తరలించి కాపాడుకున్నారు. కాపాడింది కూడా చదువే, ఆ మాట దాచను. విచారణ జరిగింది. స్టెఫైలోకాకస్ అనే క్రిమి సోకిందని తేలింది. తర్వాత బదిలీలు, సస్పెన్షన్లు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఐదేసి లక్షలు, డబుల్ బెడ్‌రూం ఇల్లు, పిల్లల చదువు సర్కారుదేనన్న హామీ. చదువు చేసిన గాయానికి చదువుతోనే కట్టు.

స్టెఫైలోకాకస్. నోరు తిరగని ఆ పేరు లోపల ఒక ద్రాక్షగుత్తి ఉంది. 1880ల మొదట్లో స్కాట్లాండులో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జను చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఉండలుండలుగా, గుత్తులు గుత్తులుగా కనబడ్డాయట ఈ క్రిములు. గ్రీకులో ద్రాక్షగుత్తిని ఏమంటారో ఆ మాటనే వాటికి పేరుగా పెట్టాడు. మా రంగారెడ్డి జిల్లాలో పుట్టినవాళ్లకు ద్రాక్షగుత్తి అంటే నోరూరాలి. ఒకప్పుడు ఈ జిల్లా ద్రాక్షకు పెట్టింది పేరు. అనాబేషాహీ పందిళ్లు పరుచుకుని ఉండేవి. వాటి కింద నడుస్తుంటే నడినెత్తి ఎండ కూడా జల్లెడ పట్టిన పిండిలా మెత్తగా రాలేది. తలకు తగిలే గుత్తులు, లేతాకుపచ్చ గాజుబుడ్ల లాంటి పళ్లు, లోపల గింజ నీడ. ఆ పందిళ్లు మెల్లమెల్లగా ప్లాట్ల హద్దురాళ్లయ్యాయి. తోట పోయింది, పండు పోయింది, గుత్తి మాత్రం ఇంకో రూపమెత్తి ఆడవాళ్ల కడుపుల్లో కాసింది. ఇంత క్రూరమైన ఉపమానం నేను ఊహించి రాసుంటే నా మీద నాకే అసహ్యం వేసేది. ఊహించలేదు. అది శాస్త్రం పెట్టిన పేరు.

ఆ క్రిమికే ఇంకో కథ ఉంది. 1928లో లండన్లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సెలవులకు పోయి వచ్చేసరికి, బల్ల మీది గాజుపళ్లెంలో బూజు పట్టింది. బూజు చుట్టూ క్రిములు కరిగిపోయాయి. అట్లా దొరికింది పెన్సిలిన్. ఆ పళ్లెంలో కరిగిపోయిన క్రిములు ఏవనుకున్నారు? ఈ ద్రాక్షగుత్తులే. లోకంలో కోట్ల ప్రాణాలు నిలబెట్టిన మందుకు దారి చూపింది ఈ నలుగురి ప్రాణాలు తీసిన జాతే. 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ ఫ్లెమింగ్ పొంగిపోలేదు. మందును చాలీచాలకుండా వాడితే క్రిములు దానికి అలవాటుపడి మొండికేస్తాయని నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. కనిపెట్టినవాడే తను కనిపెట్టినదాన్ని చూసి జంకాడు. ఆ జంకు ఉన్నంతసేపే 'తెలుసు' పక్కన 'లే' చేరదు.

ఇంకా వెనక్కి పోవాలి. వియన్నా నగరం, 1847. అక్కడి పెద్దాసుపత్రిలో రెండు పురిటి వార్డులు. మొదటిదాంట్లో పురుడు పోసేది డాక్టరీ చదివే పిల్లలు, రెండోదాంట్లో మంత్రసానులు. చదువుకున్నవాళ్ల వార్డులోనే బాలింతలు ఎక్కువ చచ్చిపోయేవాళ్లు. ఆ సంగతి వియన్నా బీద ఆడవాళ్లందరికీ తెలుసు. నొప్పులతో వచ్చి, మమ్మల్ని మంత్రసానుల వైపు పంపండి బాబూ అని కాళ్లావేళ్లా పడేవాళ్లు. పెద్దలకే తెలియలేదు. గాలి చెడ్డదన్నారు. అప్పుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే చిన్న డాక్టరు ఒకటి గమనించాడు. ఆ విద్యార్థులు పొద్దున్నే శవాలను కోసి రోగాల మర్మం నేర్చుకుంటారు. నేర్చుకుని, ఆ చేతులతోనే తిన్నగా పురిటి మంచం దగ్గరికి వస్తారు. మరణాన్ని చదవడానికి పోయిన వేళ్లు మరణాన్ని అంటించుకుని వస్తున్నాయి. పుస్తకాలు తెరవని మంత్రసాని శవాన్ని ముట్టదు, అందుకే ఆమె చేతిలో తల్లి బతుకుతున్నది.

ఈ ఒక్క దృశ్యం ముందు నేను ఎన్నోసార్లు ఆగిపోయాను. ఆ కుర్రవాళ్లు దుర్మార్గులు కారు. సోమరులు కారు. తెల్లవారకముందే లేచి, చలిలో, శవాల గదిలో నిలబడి నేర్చుకున్నారు. వాళ్లకున్నది విద్యాదాహమే. ఆ దాహం పట్టుకున్న గ్లాసుకే విషం అంటి ఉంది. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో సెమ్మెల్‌వైస్ వాళ్ల చేతులు కడిగించాడు. చావులు చప్పున తగ్గాయి. అయినా పెద్ద డాక్టర్లు మండిపడ్డారు. మర్యాదస్తుల చేతులకు మురికి ఉంటుందా అన్నారు. అతను ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఊరు విడిచాడు, బెంగపడ్డాడు, కోపిష్టి అయ్యాడు. చివరికి 1865లో పిచ్చాసుపత్రిలో, ఒంటి మీది గాయం చీముపట్టి, ఏ రోగంతో జీవితాంతం పోరాడాడో దాదాపు ఆ రోగంతోనే పోయాడు.

1847 నుంచి 2022 దాకా 175 ఏళ్లు. వియన్నాలో ఆ కబురును ఎద్దుల బండికెత్తి తోలినా ఈపాటికి ఇబ్రహీంపట్నం చేరి, పెద్దచెరువులో ఎద్దులకు నీళ్లు తాపి, చింతచెట్టు కింద నడుం వాల్చేటంత కాలం. కబురు రాలేదని నేననను. వచ్చింది. ఏ దవాఖానకు పోయినా కుళాయి పైన రంగు బొమ్మ అంటించే ఉంటుంది. చేతులెట్లా రుద్దుకోవాలో, వేళ్ల సందులు ఎట్లా, బొటనవేలు ఎట్లా. బొమ్మ కింద సబ్బు ఉంటుందా అన్నది వేరే సంగతి.

ఇట్లా చదువును తిట్టుకుంటూ కూర్చుంటే మా నాయనమ్మ లేచొచ్చి నెత్తిన మొట్టికాయ వేస్తుంది. ఆమెకు తొమ్మిది కాన్పులు. దక్కింది నలుగురు. పురుళ్లన్నీ ఇంటి మూలగదిలో, కుంపటి పొగలో, మంత్రసాని చేతి మీద. బొడ్డు కోసింది కొడవలితో. కొన్నిసార్లు దాన్ని నిప్పుల మీద చూపేవాళ్లు, కొన్నిసార్లు కొంగుకు తుడిచేవాళ్లు. చూపినప్పుడు ఎందుకు చూపారో, తుడిచినప్పుడు ఎందుకు చూపలేదో ఎవరికీ తెలియదు. ఐదోనాడో ఏడోనాడో పసిగుడ్డు పాలు పట్టడం మానేసేది. దవడ బిగుసుకునేది. ఒళ్లు విల్లులా వంగిపోయేది. గాలి సోకిందనేవాళ్లు. నాయనమ్మ ఆ బిడ్డల గురించి చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు. వేళ్లు మడిచి లెక్కపెట్టేది, మధ్యలో ఒక వేలు దగ్గర ఆగిపోయేది, 'వీనికి జుట్టు బాగుండె' అనేది.

ధనుర్వాతం దాని పేరు. గర్భిణికి వేసిన చిన్న టీటీ సూది ఆ గాలిని తరిమింది. బాలింతలకూ పసికందులకూ వచ్చే ధనుర్వాతం మన దేశంలో అదుపులోకి వచ్చిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖాయం చేసింది. మా నాయనమ్మ మడిచిన ఐదు వేళ్లకు సమాధానం ఒక సూదిమొనలో ఉంది. అది తన ఊరు చేరేసరికి ఆమెకు ముట్లుడిగాయి. కాబట్టి, తెలియకపోవడం పచ్చగా ఉండేదనీ పాతకాలం మంచిదనీ ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ పచ్చదనం కింద ఎన్ని చిన్న గుంతలున్నాయో మా చెలక గట్టుకు తెలుసు.

అమ్మ సంగతి వేరు. ముగ్గురం పుట్టాక తను ఆపరేషన్ చేయించుకున్నది. అది కూడా క్యాంపే, ఒక బడి గదిలో. మాకు సెలవిచ్చారు. బల్లలు బయట వరండాలో ఒకదాని మీద ఒకటి ఎక్కించి పెట్టారు. కిటికీలకు పాత చీరలు కట్టారు. చీర అంచు గాలికి లేచినప్పుడు నల్లబల్ల మీద ముందురోజు రాసిన ఎక్కాలు కనబడ్డాయి, చెరపలేదు. మాపటికి జీపు వచ్చి వీధి చివర ఆగింది. అమ్మ కొంగు నడుముకు బిగించి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నీళ్ల మీద నడిచినట్టు నడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. 'ఇగ అయిపోయింది' అని నవ్వింది. ఆ నవ్వు నేను అంతకు ముందు చూళ్లేదు. పరీక్షలైపోయిన పిల్ల నవ్వు అది. నాయనమ్మ గోడకానుకుని ఆమె మొహం వంకే చూసింది చాలాసేపు. అసూయ అనను, మరింకేమనాలో తెలియదు. అమ్మ పొట్ట మీద ఆ రెండు మచ్చలు గోరింటాకు చుక్కల్లా ఇప్పటికీ ఉన్నాయి. ఆ రెండు చుక్కల వల్లనే ఆమె తర్వాత పదో తరగతి కట్టింది, మమ్మల్ని చదివించింది, ఇది రాస్తున్న చేతికి పలక కొనిచ్చింది.

ఆ నవ్వు కోసమే ఆ నలుగురూ చెప్పులేసుకుని పోయారు.

వాళ్లే ఎందుకు పోవాలన్నది ఇంకో ప్రశ్న. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో 37.9 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడిన జంటలు 0.3 శాతం. మగవాళ్లది కడుపు తెరవనక్కర్లేని పని, గాలి నింపనక్కర్లేదు, దీపం దింపనక్కర్లేదు. కత్తి కూడా లేకుండా సన్నని రంధ్రంతో చేసే పద్ధతిని 1974లోనే చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు రూపొందించాడు. ఈ సంగతి మన మగవాళ్లకు చెప్పి చూడండి. తెలుసులే అంటారు. బరువులు మోసే నడుం అంటారు. పొద్దున లేస్తే నీళ్ల బిందె ఎక్కిన నడుం ఎవరిదో ఆ మాట అనేటప్పుడు గుర్తుకు రాదు.

మంచాల నుంచి చూస్తే రాచకొండ గుట్టలు కనబడతాయని చెప్పాను గదా. ఆ గుట్టల నడుమ రేచర్ల పద్మనాయకుల కోట ఉంది. కూలిన బురుజులు, నాచు పట్టిన మెట్లు, నాలుకలు తెగిపోయినట్టున్న ద్వారాలు. 14వ శతాబ్దం చివర ఏలిన సింగభూపాలుడికి 'సర్వజ్ఞుడు' అని బిరుదు. అన్నీ తెలిసినవాడు. ఆ మాట పలకడానికి శ్రీనాథుడంతటివాడికి గొంతు అడ్డుపడిందనీ, శారదమ్మకు మొక్కుకుని గండం గట్టెక్కాడనీ చాటుకథ. బిరుదు ఊరికే రాలేదు. ఆయన 'రసార్ణవసుధాకరం' రాశాడు. నాటకాన్నీ రసాలనూ సముద్రం లాగా చిలికిన సంస్కృత గ్రంథం. కరుణరసానికి శోకం స్థాయిభావమనీ, దుఃఖం కమ్మినవాడు స్తంభించిపోతాడనీ, వన్నె తప్పుతాడనీ, కన్నీరు సాత్త్విక భావమనీ ఆ శాస్త్రం చెబుతుంది. ఈ గుట్టల నీడలోనే శోకానికి కొలతలు దొరికాయి. అయినా ఆరేడు వందల ఏళ్ల తర్వాత, ఆ గుట్టల ఇవతల ఒక పల్లెలో, తల్లిలేని పిల్లవాడు గుంజకు ఆనుకుని కూర్చుంటే, అది స్తంభమో వైవర్ణ్యమో చెప్పగలిగినవాళ్లు ఎవరూ ఉండరు. ఎవరో ఒక ముసలామె వచ్చి వాడి ముక్కు తుడుస్తుంది. సర్వజ్ఞుడి కోటలో ఇప్పుడు సీతాఫలాలు పండుతాయి, కోతులు తింటాయి.

ఇవతలి వైపు ఇంకో సర్వజ్ఞత లేచి నిలబడింది. ఇబ్రహీంపట్నం చుట్టూ ఎటు చూసినా ఇంజినీరింగు కాలేజీల గేట్లు. జొన్నచేలున్న చోట పసుపుపచ్చ బస్సులు బారులు తీరి నిలబడతాయి. ఆదిబట్లలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల ఒళ్లు తయారవుతాయి. టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఆ కర్మాగారం 2018 మార్చిలో మొదలైంది. అక్కడ ఒక మేకు పెట్టే ముందు దాన్ని కొలుస్తారు, పెట్టాక కొలుస్తారు, కొలిచినట్టు సంతకం పెడతారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ ముక్క పక్కకు పోతుంది. ఆకాశంలో ఎగిరే ఇనుప తూనీగకు అంత కాపలా. చంపడానికి ఎగిరేదైనా సరే, అది పడిపోకూడదు. అదే మండలంలో, అదే ఎండలో, బతికించడానికి దిగిన గొట్టానికి ఆ కొలత, ఆ సంతకం, ఆ కాపలా దక్కలేదు. తూనీగ ఖరీదు వందల కోట్లు. ఈ తల్లి ఖరీదు ఐదు లక్షలని తర్వాత తేలింది.

చేదు ఎక్కువైందేమో. కానీ ఇది కొత్తగా జరిగింది కాదన్నదే నన్ను మరీ కాలుస్తుంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ దగ్గర ఒక్క క్యాంపులో గంటల వ్యవధిలో 83 మందికి ఇదే ఆపరేషన్ చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. దేశమంతా నివ్వెరపోయింది. దేవికా బిశ్వాస్ అనే ఆమె అంతకు ముందే బీహారు క్యాంపుల మీద వేసిన కేసులో, 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు, మూడేళ్లలో ఈ క్యాంపులు ఎత్తెయ్యండని చెప్పింది. మూడేళ్లంటే 2019. తీర్పు అందరికీ తెలుసు.

2022లో వినాయక చవితి ఆగస్టు 31న వచ్చింది. నాలుగో ప్రాణం పోయాక ఒక్క రాత్రి గడిచిందో లేదో, తెల్లవారి వీధుల్లో డప్పులు. మట్టి వినాయకులు, రంగు వినాయకులు, ట్రాక్టరెక్కి ఊరూరా వచ్చారు. విద్యలకు దొర, విఘ్నాలకు మందు. గరిక, ఉత్తరేణి, మారేడు, రేగు అని పిల్లలు ఇరవై ఒక్క ఆకులూ పేర్లు చెప్పుకుంటూ గుట్టల అంచులు గాలించారు. పుస్తకాలు దేవుడి ముందు పెట్టి అట్ట మీద పసుపుబొట్టు పెట్టారు. నాలుగిళ్లలో పీట వెయ్యలేదు. మైల. మైల పట్టిన ఇంటికి వినాయకుడు రాడు. అక్కడ పిల్లల పుస్తకాలకు ఆ ఏడు బొట్టు పడలేదు. విద్య పేరు చెప్పి వచ్చిన మృత్యువు దాటిన గడప, విద్యాదేవుడికి అంటు.

ఆ భాద్రపదం చివర పెత్రమాసకు గునుగు పూసింది, తంగేడు పూసింది. ఎంగిలిపూల బతుకమ్మ పేర్చేటప్పుడు ప్రతి వాడకట్టులోనూ ఆడవాళ్ల వలయం తిరుగుతుంది. ఆ ఏడు నాలుగు వలయాల్లో ఒక్కో మనిషి సందు ఉండి ఉంటుంది. వలయం గుండ్రంగానే ఉంటుంది గదా, సందు కనబడకుండా చేతులు దగ్గరికి జరుగుతాయి.

మొన్న చవితికి అమ్మ దగ్గర కూర్చున్నాను. పత్రి ఏరుతున్నది. కళ్లజోడు ముక్కు కొసకు జారింది. ఈ నలుగురి సంగతి మళ్లీ ఎత్తాను, సెమ్మెల్‌వైస్ కథ చెప్పాను, మందునీళ్లు, 20 నిమిషాలు, అన్నీ చెప్పాను. వింటూ ఉత్తరేణి ఆకులను ఒక పక్కకు, గరికను ఒక పక్కకు పెట్టింది. చాలాసేపటికి అడిగాను.

'అమ్మా, నీకు చేసిన రోజు, ఆ డాక్టరమ్మ చేతులు కడుక్కున్నదా?'

అమ్మ ఆకు పక్కన పెట్టి నా వంక చూసింది.

'పండుకోబెట్టి మొహం మీద బట్ట కప్పిండ్రు బిడ్డా. నాకెట్ల తెలుస్తది?'